దేహమే ప్రయోగశాల: జె. బి. ఎస్. హాల్డేన్ జీవితము

న్యూ టౌనునుండి బైపాసు రహదారి మీదుగా పార్కు సర్కసునకు పోవువారు సైన్సు సిటీ యొద్ద మలుపు తిరిగి ఒక విశాలమైన మార్గమున ప్రవేశింతురు. ఆ మార్గమునకు జె. బి. ఎస్. హాల్డేన్ ఎవెన్యూ అని పేరు. పిల్లలకు సైన్సు సిటీ చూపింపబోవు తలిదండ్రులకు ఆ సంస్థ చిరునామాలోనే ఈ నామము కానవచ్చును. కలకత్తా వీథులకు ఒకప్పుడు ఆంగ్లేయుల పేర్లు అనేకములుండెను. గవర్నరులు, సేనానులు, వర్తకులు ఆ వరుసలోని వారే. స్వాతంత్ర్యానంతరము వానిలో పెక్కు పేర్లు మారినవి. ఈ ఆంగ్లేయుని పేరు మాత్రము స్వతంత్ర భారతమే కోరి పెట్టుకొన్నది. ఏలయనగా ఆయన మనలను పాలించుటకు గాక మనలో ఒకడై బ్రతుకుటకు వచ్చినవాడు.

ఈ మహాశయునికిని తెలుగు నేలకును ఒక విచిత్రమైన బంధము కలదు. ఆయన ఇంగ్లండున పుట్టెను. చల్లని సముద్రముల లోతున మనుష్యుడు ఊపిరి నిలుపుకొను మార్గమును వెదకుటకై తన దేహమును ఎన్నో యాతనలకు గురిచేసెను. తరువాత కలకత్తాలో కాపురముండి, భువనేశ్వరమున కన్నుమూసెను. కట్టకడపట ఆయన దేహము మన కాకినాడ చేరెను. ఇంతటి ప్రయాణమునకు మూలమైన నియమము ఒక్కటే. ఇతరులకు ఆపద కలిగింపదగిన పరీక్షను ముందుగా తన దేహముపైననే చేయవలెననుట. ఆ నియమమును ఆయన ఎచట నేర్చెనో, దానికి ఎంత మూల్యము చెల్లించెనో తెలిసికొనుట ఉచితము.

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్ 1892వ సంవత్సరము నవంబరు 5వ తేదీన ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియను గూర్చి పరిశోధించిన శాస్త్రవేత్తలలో అగ్రగణ్యుడు. తల్లి లూయీసా కాథ్లీన్. చెల్లెలు నవోమి మిచిసన్ పిమ్మట రచయిత్రిగా ప్రసిద్ధి గాంచినది. ఆ వంశమునకు పరంపరగా వచ్చుచున్న ఆదర్శవాక్యము ఒకే ఒక మాట. సహింపుమని దాని అర్థము.

తండ్రి బొగ్గుగనులలోను, మురుగు కాలువలలోను, కర్మాగారములలోను నుండు చెడుగాలిని పరీక్షించుచుండెను. ఆ పరీక్షకు ఆయన వాడిన పరికరములలో మొదటిది తన ఊపిరితిత్తులే. అనుమానము గల వాయువును తానే పీల్చి, తల తిరుగుటయు, గుండె వేగము హెచ్చుటయు, తెలివి మందగించుటయు గుర్తించి వ్రాసికొనుచుండెను. గనులలో విషవాయువును ముందుగా పసిగట్టుటకై కానరీ పిట్టలను కొనిపోవలెనని సలహా ఇచ్చినది ఆయనయే.

కుమారునికి ఈ విద్య పసితనముననే అబ్బెను. ఒకనాడు తండ్రి బాలుని ఒక గనిలోనికి కొనిపోయి, పైకప్పునకు చేరువగా మండెడి వాయువు పేరుకొనియున్న చోట నిలువబెట్టి, షేక్‌స్పియరు నాటకములోని ఒక ప్రసంగమును అప్పగింపుమనెను. బాలుడు కొన్ని పంక్తులు చెప్పునంతలో ఆయాసపడి, కాళ్లు తడబడి కూలెను. నేలనంటియున్న గాలి మంచిది గావున వెంటనే తేరుకొనెను. ఆ వాయువు గాలికంటె తేలికయైనదని ఏ పుస్తకమైనను చెప్పగలదు. ఆ బాలునికి మాత్రము ఆ సంగతి తన కాళ్లే చెప్పినవి.

1905వ సంవత్సర ప్రాంతమున బ్రిటిషు నౌకాదళము వారి యొక సమస్య తండ్రి యొద్దకు వచ్చెను. లోతు నీటిలో పనిచేసి పైకి వచ్చిన గజ ఈతగాండ్రలో కొందరు కీళ్ల నొప్పులతో మెలికలు తిరుగుచుండిరి. కొందరికి కాళ్లు చచ్చుబడుచుండెను. కొందరు గట్టు చేరిన కొలది సేపటికే మరణించుచుండిరి. నీటిలో ఏ ఆపదయు లేక, నీరు విడిచిన పిమ్మట ఈ ఆపద యేల?

దాని కారణము నిట్లు చెప్పవచ్చును. సముద్రమున ప్రతి 33 అడుగుల లోతునకు ఒక వాతావరణ పీడనము హెచ్చును. దిగువనున్న వానికి ఆ పీడనమునకు సరిపడు ఒత్తిడితోనే గాలి నందింపవలెను. మనము పీల్చు గాలిలో ఐదింట నాలుగు పాళ్లు నత్రజని. ఒత్తిడి హెచ్చిన కొలది ఆ నత్రజని రక్తమునందును కొవ్వునందును కరగి నిలుచును. ఈతగాడు తొందరపడి పైకి వచ్చెనేని, మూత తీసిన సోడాబుడ్డిలో వలె, కరగినదంతయు బుడగలై పొంగును. బుడగ కీలున చేరినచో నొప్పి, వెన్నుపామున చేరినచో పక్షవాతము, గుండెలో పేరుకొన్నచో మరణము.

తండ్రి హాల్డేన్ తన సహచరులతో గూడి మేకలను ఉక్కుగదిలో నుంచి, ఒత్తిడి హెచ్చించియు తగ్గించియు చూచెను. ఉన్న ఒత్తిడి సగమగునంతవరకు పైకి వచ్చిన ఆపద లేదనియు, అచట కొంతసేపు ఆగి, మరికొంత వచ్చి, మరల ఆగి, మెట్లు దిగినట్లు గాక మెట్లెక్కినట్లు నిదానముగా పైకి చేరవలెననియు తేల్చెను. శరీరములోని భాగములన్నియు ఒకే వేగముతో నత్రజనిని గ్రహింపవు. రక్తము త్వరగా గ్రహించి త్వరగా విడుచును; కొవ్వు ఆలస్యముగా గ్రహించి ఆలస్యముగా విడుచును. అందుచే శరీరమును ఐదు తరగతులుగా భావించి లెక్కలు కట్టి, ఏ లోతున ఎంతసేపున్నవాడు ఎచట నెంతసేపు ఆగవలెనో పట్టికలు కూర్చెను. ఈ పరిశోధన 1908లో ప్రకటితమయ్యెను.

మేకలకు సరిపడిన లెక్క మనుష్యునికి సరిపడునా యని సముద్రమునందే చూడవలసియుండెను. 1906వ సంవత్సరము వేసవిలో స్కాట్లండు పశ్చిమ తీరమున, బ్యూట్ ద్వీప ప్రాంతపు చల్లని జలములలో ఆ పరీక్ష జరిగెను. నౌకాదళమునకు చెందిన ఇరువురు 210 అడుగుల లోతునకు దిగి క్షేమముగా పైకి వచ్చిరి. అప్పుడు హాల్డేన్ బాలునికి పదమూడేండ్లు. తండ్రి వానిని గూడ దింపెను. పెద్దవారికొరకు కుట్టిన దుస్తు బాలునికి వదులై, మణికట్టులయొద్ద నీరు లోనికి చొరబడజొచ్చెను. మంచువంటి ఆ నీరు శరీరము చుట్టును పైపైకి వచ్చుచున్నను, బాలుడు బెదరక, నేర్పిన విధమున గాలి మర త్రిప్పుకొనుచు, నియమిత కాలము లోపలనే గడపి, వణకుచు పైకి వచ్చెను. చల్లని సముద్రముతో ఆయనకు కలిగిన మొదటి పరిచయమిది. ముప్పది మూడేండ్ల తరువాత ఆ చలియే మరల ఎదురుపడనున్నది.

ఈటన్ పాఠశాలలోను, ఆక్స్‌ఫర్డులోని న్యూ కాలేజీలోను ఆయన విద్యాభ్యాసము సాగెను. గణితమునందును, ప్రాచీన గ్రీకు లాటిన్ విద్యలందును ప్రథమ శ్రేణిలో నిలిచెను. విజ్ఞానశాస్త్రమున ఆయనకు పట్టము లేదనుట నేటి ఉద్యోగార్థులకు ఆశ్చర్యము గొలుపక మానదు. 1914లో యుద్ధము రాగా సైన్యమున చేరి, ఫ్రాన్సునందును మెసొపొటేమియాయందును గాయపడెను. 1915లో శత్రువులు క్లోరిన్ వాయువును ప్రయోగించినపుడు తండ్రి ఆయనను పోరాట రంగమునుండి పిలిపించెను. తండ్రీకొడుకులును, మరికొందరును ఒక గాజుగదిలో ఆ విషమును పీల్చి, ముసుగుల పనితనమును పరీక్షించిరి. మెసొపొటేమియాలో తగిలిన గాయములకు చికిత్సకై ఆయనను భారతదేశమునకు పంపిరి. ఈ దేశముపై మక్కువ ఆనాడే అంకురించెను.

యుద్ధానంతరము ఆక్స్‌ఫర్డునను, 1923నుండి కేంబ్రిడ్జినను, 1933నుండి లండను యూనివర్సిటీ కాలేజీయందును అధ్యాపకుడై యుండెను. ప్రాణులలో వంశపారంపర్య గుణములు తరతరములకు ఎట్లు హెచ్చునో తగ్గునో గణితముచే నిరూపించిన మువ్వురిలో ఆయన ఒకడు. తక్కిన ఇరువురు ఫిషర్, రైట్ పండితులు. 1932లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. రక్తము గడ్డకట్టని వ్యాధి మానవులలో క్రొత్తగా ఎంత తరచుగా పుట్టుచున్నదో 1935లో లెక్కగట్టెను. కొన్ని రక్తదోషములు మలేరియా నుండి కాపాడుటచేతనే ఆ జ్వరము గల దేశములలో నిలిచియున్నవని 1949లో సూచించెను. ఇట్టి గణిత పరిశోధనలు సాగుచుండగనే తన దేహముపై పరీక్షలను ఆయన మానలేదు. రక్తములోని ఆమ్లగుణమును మార్చి చూచుటకై, పాత్రలకు కళాయి పోయువారు వాడు నవాసాగరమును నీటిలో కలిపి త్రాగి, దినముల తరబడి ఆయాసపడెను.

1939వ సంవత్సరము జూన్ 1వ తేదీన లివర్‌పూల్ అఖాతమున థెటిస్ అను క్రొత్త బ్రిటిషు జలాంతర్గామి పరీక్షార్థమై మునిగి, మరల పైకి రాలేదు. ముందుభాగమున టార్పెడో గొట్టపు వెలుపలి తలుపు తెరచియుండగా లోపలి తలుపును తెరచుటచే సముద్రము లోనికి చొచ్చుకొనివచ్చెను. అందు నావికులే గాక, నిర్మాణశాల కార్మికులును ఉండిరి. మొత్తము 103 మంది. నలుగురు మాత్రమే తప్పించుకొని పైకి వచ్చిరి. తక్కిన 99 మంది, ఓడ తోకభాగము నీటిపైకి కనిపించుచుండగనే, లోపల ఊపిరాడక మరణించిరి.

చనిపోయిన కార్మికుల సంఘములవారు హాల్డేన్ నాశ్రయించిరి. ఆ ఓడలో గాలి ఎట్లు చెడినది? తప్పించుకొను సాధనములుండియు వానిని ఏల వాడుకొనలేకపోయిరి? ఈ ప్రశ్నలకు జవాబు కాగితముపై దొరకదని ఆయన భావించెను. స్పెయిన్ అంతర్యుద్ధమున స్వచ్ఛందముగా పోరాడి వచ్చిన నలుగురితో గూడి ఒక ఉక్కుగదిలో ప్రవేశించి, తలుపు బిగింపించుకొని, పదునాలుగు గంటలకు పైగా తాము విడిచిన ఊపిరినే తాము పీల్చుచు కూర్చుండెను. బొగ్గుపులుసు వాయువు హెచ్చిన కొలది తలనొప్పియు ఆయాసమును దుర్భరములయ్యెను. అట్టి స్థితిలో ఉన్నవారు నిదానముగా ఆలోచించి, పరికరము తగిలించుకొని, ద్వారములు తెరచుకొని పైకి పోవుట ఎంత కష్టమో ఆయనకు అనుభవమునకు వచ్చెను. ఆ నావికులు పిరికివారు కారనియు, వారిని చంపినది వారు విడిచిన గాలియే ననియు తెలిసెను.

ఆ పిమ్మట నౌకాదళమువారే ఆయనను ఈ పరిశోధన కొనసాగింప కోరిరి. లండనులోని సీబే గోర్మన్ అను సంస్థ యందు ఒత్తిడి హెచ్చింపదగిన ఉక్కుగది యొకటి యుండెను. ఆవిరియంత్రపు బాయిలరు వంటిది. అందు నిటారుగా నిలుచుటకు వీలులేదు. గాలి నింపునపుడు లోపల వేడి భరింపరానిది. గాలి విడుచునపుడు మంచుపొగ క్రమ్మి చలి పుట్టును. అట్టి గదిలో హాల్డేనును, ఆయన సహచరులును 1939 మొదలుకొని కొన్ని సంవత్సరములు తమ దేహములను పరీక్షించుకొనిరి. ఆ బృందములో ఆయన శిష్యురాలు హెలెన్ స్పర్వే, మార్టిన్ కేస్, హిట్లరు హింసకు తాళలేక వచ్చిన యూదు శాస్త్రవేత్తలు, స్పెయిన్ దేశపు మాజీ ప్రధానమంత్రి నెగ్రిన్ మహాశయుడు ఉండిరి. నెగ్రిన్ స్వయముగా శరీరధర్మ శాస్త్రవేత్త.

వారి యెదుటనున్న శత్రువులు నాలుగు. మొదటిది నత్రజని. పది వాతావరణముల ఒత్తిడిలో, అనగా 300 అడుగుల లోతున, అది కల్లు త్రాగినవానికి వలె మత్తు కలిగించును. పరీక్షార్థులకు కూడికలు, గుణకారములు ఇచ్చియు, చిన్న ఉక్కుగోళీలను పటకారుతో మార్చుమనియు చూచిరి. పండితులు సైతము తప్పులు చేసిరి. పైగా తాము తప్పు చేయుచున్న సంగతియే వారికి తెలియకుండెను. రెండవది బొగ్గుపులుసు వాయువు. పైన కొంచెము ఆయాసము మాత్రమే కలిగించు పరిమాణము లోతున స్పృహను హరించును. మూడవది ఆమ్లజని. ప్రాణవాయువని మనము కొనియాడు ఈ వాయువే అధికమైన ఒత్తిడిలో విషమై, కొలది నిమిషములలో మూర్ఛను తెచ్చును. రుచి లేనిదని పుస్తకములు చెప్పు ఆ వాయువునకు అంతటి ఒత్తిడిలో ఒక విధమైన రుచి కలదని గూడ హాల్డేన్ కనుగొనెను.

నాలుగవ శత్రువు చలి. మునిగిన జలాంతర్గామినుండి బయటపడువానికి వెచ్చని గదిలోని ఒత్తిడి మాత్రమే గాదు, ఉత్తర సముద్రపు శీతలజలము గూడ ఎదురగును. ఈ రెండును కలిసినపుడు ఏమగునో ఎవ్వరికిని తెలియదు. అందుచే హాల్డేన్ కరగుచున్న మంచుగడ్డలతో నిండిన నీటిలో ముప్పది అయిదు నిమిషములు పరుండి, నూటికి ఆరున్నర పాళ్లు బొగ్గుపులుసు వాయువు గల గాలిని పీల్చెను. ఆ కాలము చివరి భాగమున ఒత్తిడిని పది వాతావరణములకు హెచ్చించిరి. ఆయన స్పృహ తప్పెను. అప్పటికి ఆయన వయస్సు ఏబదికి చేరువ. బాల్యమున వదులు దుస్తులో వణకిన ఆ జలమునకు ఇది రెండవ దర్శనము.

ఈ పరీక్షలకు చెల్లించిన మూల్యము స్వల్పము గాదు. సహచరులలో పలువురు స్పృహ తప్పిరి. ఒకరికి ఊపిరితిత్తి చిట్లెను. హాల్డేనునకు ఆమ్లజని వలన కలిగిన మూర్ఛలో వెన్నుపూసలు దెబ్బతిని, ఆ నొప్పి బ్రదికినంతకాలము వదలలేదు. ఒత్తిడి మార్పులకు చెవిగూబలో రంధ్రము పడెను. దానిగుండ పొగ వదలగలనని ఆయన విందులలో వేడుకగా చెప్పుకొనుచుండెడివాడు.

ఇట్లు తన్ను తాను హింసించుకొనుట తగునా యని అడుగువారుందురు. జంతువులు తమ బాధను మాటలలో చెప్పలేవు. జీతమునకు వచ్చిన నావికుడు వలదని చెప్పజాలడు. ఏమి జరుగుచున్నదో తెలిసి, చెప్పగలిగి, వలదనుటకు స్వేచ్ఛ గల శాస్త్రవేత్తయే మొదట కూర్చుండవలెనని ఆయన మతము. ఒక్కని దేహముతో లెక్క తేలదు గనుక, కొందరు స్నేహితులు కోరి తోడైరి. యుద్ధకాలమున ఫలితములలో కొంత రహస్యముగా నుంచవలసివచ్చినందున, ఆ బృందమునకు రావలసిన కీర్తి తగినంత రాలేదు.

ఆ మహనీయునిలో దోషములు లేవనుట సత్యము గాదు. కోపస్వభావుడు. 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, సోవియటు దేశమున లైసెంకో యొక్క తప్పుడు సిద్ధాంతము జన్యుశాస్త్రమును అణచివేయుచున్న కాలమున, దానిని బహిరంగముగా ఖండించుటకు జంకెను. వావిలోవ్ వంటి మహాశాస్త్రవేత్త 1943లో చెరసాలలో మరణించెను. 1950 ప్రాంతమున హాల్డేన్ ఆ పార్టీకి దూరమయ్యెను. విషవాయువును పీల్చుటకు వెనుదీయనివాడు ఒక మాట పలుకుటకు వెనుదీసెననుట ఆయన జీవితములోని నీడ.

నేడు స్కూబా అను పేర వీపున గాలిసీసా కట్టుకొని సముద్రమున విహరించువారు లోకమంతట కలరు. 1943లో ఫ్రాన్సున కూస్తో, గాన్యాన్ అనువారు రూపొందించిన పరికరము ఈ విద్యకు ద్వారము తెరచెను. మన అండమానునందును, లక్షద్వీపమునందును, విశాఖ రుషికొండ తీరమునందును వెచ్చని నీటిలో ఈ వినోదము కలదు. స్కాట్లండుకు ఉత్తరమున ఆర్క్నీ దీవులలో, 1919లో జర్మనులు తామే ముంచివేసిన యుద్ధనౌకలను చూచుటకై చల్లని నీటిలోనికి దిగువారును అనేకులు. అట్టివారు నీరు చొరబడని దుస్తులు, వాని లోపల ఉన్ని దుస్తులు ధరింతురు. చలికి చర్మములోని రక్తనాళములు ముడుచుకొనుటచే కరగిన నత్రజని వెలుపలికి పోవుట మందగించును. గావున చల్లని నీటిలో మునిగినవారు పైకి వచ్చునపుడు మరింత ఓపిక వహింపవలెను. వారి మణికట్టున నుండు చిన్న కంప్యూటరు ఎచట ఎంతసేపు ఆగవలెనో చెప్పును. ఆ యంత్రములోని లెక్కకు పునాది తండ్రి హాల్డేన్ వేసినదే. లోతున మత్తు, ఆమ్లజని విషము, చలి గూర్చి ఈతగాండ్రకు నేర్పు పాఠములలో కుమారుని యాతనలు దాగియున్నవి.

జలాంతర్గామినుండి తప్పించుకొను విద్య మన తెలుగు తీరమునకును వచ్చినది. విశాఖపట్టణమున ఐ. ఎన్. ఎస్. సాతవాహన యందు మన నౌకాదళపు జలాంతర్గామి నావికులు శిక్షణ పొందుదురు. మునిగిన ఓడనుండి బయటపడుట నేర్పు ప్రత్యేక శిక్షణాలయము అచట 2024లో ప్రారంభమైనది. థెటిస్ ఓడలో 99 మంది మరణము నేర్పిన గుణపాఠము అట్టి శిక్షణలో నేటికిని పనిచేయుచున్నది.

1957లో, అరువది నాలుగవ యేట, హాల్డేన్ లండనులోని పదవి విడిచి, 1945లో తాను వివాహమాడిన హెలెన్ స్పర్వేతో కలకత్తా చేరెను. ఆహ్వానించినది బరానగరులోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్స్టిట్యూటు స్థాపకుడు మహలనోబిస్ పండితుడు. అంతకుముందు సంవత్సరము సూయజ్ కాలువపై బ్రిటను జరిపిన దాడి ఆయన మనస్సును మిక్కిలి నొప్పించియుండెను. ఇచట ఆయన ఖద్దరు కుర్తా ధరించి, మేజోళ్లు విడిచి, మాంసాహారము మానెను. నేడు న్యూ టౌను మేడలు లేచిన రాజార్‌హాట్ ఆనాడు వరిపొలములతోను చెరువులతోను నిండిన పల్లెసీమ. ఖరీదైన యంత్రములు లేకున్నను, ఇట్టి పొలములు, చెట్లు, పక్షులు ఉన్నచో గొప్ప పరిశోధన చేయవచ్చునని ఆయన యువకులకు బోధించెను. ఒక శిష్యుడు పూలరేకులు లెక్కించెను. ఒకడు కొబ్బరి ఆకుల మెలిక ఎడమకో కుడికో గమనించెను. ఒకడు తీతువు పక్షిని కనిపెట్టియుండెను. ఇవన్నియు గణితమునకు ఎక్కిన పరిశోధనలు.

ఆ సంస్థలో తెలుగువారి ఉనికి సామాన్యము గాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, తదుపరి జగద్విఖ్యాత గణాంక శాస్త్రవేత్తయైన కల్యంపూడి రాధాకృష్ణారావు అప్పుడు అందలి ప్రముఖులలో నొకడు. పిఠాపురమునకు చెందిన ద్రోణంరాజు కృష్ణారావు హాల్డేనునకు ప్రియశిష్యుడయ్యెను. చెవిపై వెండ్రుకలు పెరుగు లక్షణము తండ్రినుండి కుమారునికి సంక్రమించు తీరును గూర్చి ఆయన ఆంధ్ర కుటుంబముల వంశవృక్షములు సేకరించి 1960లో ప్రకటించెను. మేనరికముల ఫలితములను గూడ ఆంధ్రప్రదేశమున పరిశోధించెను. గురువునుగూర్చి అనేక రచనలు చేసి, ఆయన స్మృతిని లోకమున నిలిపినవారిలో ఆ శిష్యుడు ముఖ్యుడు.

1961లో హాల్డేన్ భారత పౌరుడయ్యెను. అదే సంవత్సరము అభిప్రాయ భేదములవలన స్టాటిస్టికల్ ఇన్స్టిట్యూటును విడిచి, కేంద్ర ప్రభుత్వపు శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలిలో చేరెను. కలకత్తాలో ఒక జన్యు పరిశోధన విభాగము నెలకొల్పవలెనని సంకల్పము. అనుమతులు, భవనము, నియామకములు ఆయన ఆశించిన వేగమున రాలేదు. దస్త్రము నడకయు, వృద్ధుడైన శాస్త్రవేత్త ఆయువు నడకయు ఒకటి గావు. కార్యాలయములలో పనిచేయువారికి ఈ మాట వివరింపనక్కరలేదు. ఆయన ఆ పదవి విడిచెను. ఒరిస్సా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ ఆహ్వానింపగా 1962లో భువనేశ్వరము చేరి, అచట ప్రయోగశాల స్థాపించెను. ఇంగ్లండునుండి తాను వెంట తెచ్చిన జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ అను పత్రికను ఈ దేశమునుండియే నడిపెను. ఆ పత్రిక నేటికిని భారతదేశమునుండియే వెలువడుచున్నది.

కాన్సరు వ్యాధి సోకినదని తెలిసినపుడును ఆయన అధైర్యపడలేదు. ఆసుపత్రి మంచముపైనుండి ఆ వ్యాధినిగూర్చి హాస్యగీతమొకటి వ్రాసి 1964లో ప్రకటించెను. భయపడి దాచుకొనక, వెంటనే వైద్యుని చూడుమని అందరికి చెప్పుటయే దాని తాత్పర్యము. 1964 డిసెంబరు 1వ తేదీన భువనేశ్వరమున పరమపదించెను.

తన మరణశాసనమున ఆయన కోరినది అంత్యక్రియలు గాదు, సమాధి గాదు. వైద్య పరిశోధనకును బోధనకును జీవితకాలమున ఉపయోగపడిన దేహము మరణానంతరమును ఆ పనికే చెందవలెనని కోరెను. వీలైనచో దానిని చల్లబరచి భద్రపరుపవలెననియు, తన ధనములో మొదటి ఖర్చు దానికే కావలెననియు వ్రాసెను. ఆ కోర్కె ననుసరించి దేహమును కాకినాడలోని రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించిరి. ఆ కళాశాల 1958లో స్థాపితమైనది. అప్పటికి ఆరేండ్ల పసికందు. దానికి ఆక్స్‌ఫర్డు పండితుని దేహము పాఠ్యగ్రంథమయ్యెను. భర్త గతించిన పిమ్మట హెలెన్ స్పర్వేయు ఈ దేశమును విడువలేదు. ఆమె 1978లో హైదరాబాదున తుదిశ్వాస విడిచెను.

దేవతల కార్యమునకై తన ఎముకల నిచ్చిన దధీచి కథ మన పిల్లలకు తెలియును. దధీచి ఒక్కసారి ఇచ్చెను. హాల్డేన్ బ్రదికియుండగా కొంచెము కొంచెముగా, మరణించిన పిమ్మట సంపూర్ణముగా ఇచ్చెను. సెలవులకు కోల్‌కతానుండి స్వగ్రామములకు పోవు తెలుగు కుటుంబములు హావ్‌డాలో బండి ఎక్కిన తరువాత వరుసగా భువనేశ్వరము, విశాఖపట్టణము, పిఠాపురము, సామర్లకోట స్టేషనులను దాటుదురు. ఒకటి ఆయన కన్నుమూసిన ఊరు. ఒకటి మునిగిన ఓడనుండి ప్రాణముతో బయటపడు విద్యను నేర్పు ఊరు. ఒకటి ఆయన శిష్యుని ఊరు. సామర్లకోటనుండి కాకినాడ కూతవేటు దూరము. ఈ మారు సైన్సు సిటీ మలుపున ఆ పేరు కనబడినపుడు, అది ఎవరిదని పిల్లలు అడిగినచో, తలిదండ్రులు చెప్పదగిన కథ ఆ రైలుదారి పొడవునను పరచుకొనియున్నది.